పన్నెండో లీటరు

దస్తగిరి మేస్త్రి దగ్గర మూడేళ్లుగా పని నేర్చుకుంటున్న నీరజ ఒక శనివారం మధ్యాహ్నం ఆయన్ను నేరుగా అడిగేసింది.

"మేస్త్రీ, నాకు పదింట తొమ్మిది పాళ్ల పని వచ్చని మొన్న నలుగురి ముందర మీరే అన్నారు. తొమ్మిది పాళ్లు వచ్చినప్పుడు తొమ్మిది పాళ్ల బండైనా నా చేతికి ఇవ్వాల కదా? ఆ ఒక్క పాలు లేదని మొత్తం ఆపేస్తే ఎట్లా?"

ఆమె అలా అడగడానికి కారణం ఉంది. హార్స్‌లీ కొండకు దారి చీలే క్రాస్ దగ్గర మేస్త్రి షెడ్డు. పాత కార్లు తప్ప ఆయన వేరే బండిని ముట్టడు. మదనపల్లె టమాటా మండీ యజమాని వీరభద్రప్ప తన తాత కొన్న 1926 నాటి కారును ఆరు నెలల కిందట అక్కడ వదిలాడు. దాని ఇంజనును విప్పి బిగించింది నీరజే. ఆదివారం కొండ మీద పాత కార్ల ప్రదర్శన ఉంది. పది గంటలకు గేటు మూసేస్తారు. తొమ్మిది కిలోమీటర్ల ఘాట్ రోడ్డు మీద ఆ కారును తానే తోలాలని నీరజ కోరిక. కాదు, తానే తోలుతానని మేస్త్రి అన్నాడు. వేడికి ఇంజను మీద మూతలా ఉండే ఇనుప దిమ్మ పగిలితే అలాంటిది ఇంకొకటి దొరకదని ఆయన భయం.

మేస్త్రి చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "రేపు నీళ్లు నువ్వే పొయ్యి పాపా. బండీ నువ్వే తోలు. నేను పక్కన ఊరికే కూర్చుంటా."

"అడిగినదానికి జవాబు చెప్పలేదు మీరు."

"చెప్తాలే."

ఆ కారులో నీళ్లు తిప్పే పంపు లేదు. ఇంజనులో వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుంది. పై గొట్టం గుండా రేడియేటరు తల మీదికి చేరుతుంది. అక్కడ గాలికి చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. కింది గొట్టం గుండా మళ్లీ ఇంజనులోకి వస్తుంది. బండి నడిచినంతసేపూ నీరు తనంతట తాను అలా తిరుగుతూనే ఉంటుంది.

ఆదివారం పొద్దున నీరజ లీటరు చెంబుతో లెక్కపెట్టి రేడియేటరులో నీళ్లు పోసింది. పట్టేది పన్నెండు చెంబులు. ఆమె పదకొండు పోసి మూత బిగించింది. వెనక ఆమెకో లెక్క ఉంది. ముప్పై డిగ్రీల నీళ్లు తొంభైకి పోతే నూటికి మూడు వంతులు పెరుగుతాయి. పన్నెండు లీటర్లకు అది అర లీటరు లోపే. పొంగి కొత్త రంగు మీద కారకుండా ఉండాలంటే ఒక లీటరు చోటు వదిలితే చాలు. ఈ లెక్కలో తప్పు లేదు. మేస్త్రి టీ తాగుతూ చూశాడు. మిగిలిన చెంబెడు నీళ్లను ఒక సీసాలో పోసి, తన కాళ్ల దగ్గర పెట్టుకుని ఎక్కాడు.

ఎనిమిదిన్నరకు బయలుదేరారు. రెండో కిలోమీటరు దగ్గర, మలుపు తిరిగాక, మేస్త్రి ఏదో వాసన పట్టినట్టు ముక్కు ఎగబీల్చాడు.

"ఆపు."

"ఎందుకు? మూత మీద వేడి చూపించే గాజు గొట్టం చూడండి. నలభై డిగ్రీలు కూడా చూపించలేదు!"

"ఆపమంటి కదా."

ఆపేసరికి ఇంజనులోంచి కళపెళమని చప్పుడు వినిపించింది, పొయ్యి మీద ఎసరు కాగినట్టు. నీరజ గబుక్కున కిందికి దిగింది. బానెట్ రేకు ఎత్తింది. ఇంజను దగ్గర చెయ్యి పెట్టలేకపోయింది.

"రేడియేటరు కింద పట్టుకో" అన్నాడు మేస్త్రి.

పట్టుకుంది. షెడ్డు నుంచి బయలుదేరినప్పటిలాగే చల్లగా ఉంది. ఆమె చెయ్యి తీయకుండా అలాగే ఉండిపోయింది. ఒక అడుగు దూరంలో ఇంజను ఉడుకుతోంది. దాన్ని చల్లార్చాల్సిన నీళ్లు ఇక్కడ కదలకుండా ఉన్నాయి.

"పదకొండు లీటర్లు ఉన్నాయి కదా మేస్త్రీ!"

"ఉండాయి. యాడివి ఆడే ఉండాయి."

ఆమె గబగబా సీసా అందుకుంది. మేస్త్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "కాలిన ఇనుము మీద చన్నీళ్లు పోస్తే ఫట్ మంటుంది. ఆర్నెల్ల పని ఒక్క నిమిషంలో పోగొట్టుకుంటావా? కూర్చో."

ఇద్దరూ రోడ్డు పక్క రాతి గోడ మీద కూర్చున్నారు. ఇంకా ఏడు కిలోమీటర్లు. గంటకు పదిహేను చొప్పున ఇరవై ఎనిమిది నిమిషాలు కావాలి. నీరజ గడియారం చూస్తూనే ఉంది. కొండ మీది నుంచి వీరభద్రప్ప ఫోన్ చేశాడు.

"ఏమ్మా, బండి దాని కాళ్ల మీద అది వస్తాదా, మా టమాటా లారీని పంపించమంటావా?"

"వస్తుందప్పా" అని పెట్టేసింది. ఆ మాట తనకే నమ్మకంగా వినిపించలేదు.

తొమ్మిదీ ఇరవైకి ఇంజను మీద చెయ్యి నిలిచింది. మేస్త్రి తడిగుడ్డ వేసి మూత తిప్పి, లోపలికి చూడమన్నాడు. పై గొట్టం నోరు కనిపించింది. నీటి మట్టం దానికి రెండు వేళ్ల కింద ఉంది. ఇంజనులోంచి పైకి లేచిన వేడినీరు ఆ నోటిదాకా వచ్చి, అవతలి నీళ్లను అందుకోలేక, అక్కడే ఆగిపోయింది.

నీరజ కొంచెం కొంచెంగా పోసింది. సీసాలో చివరి చుక్కలు మిగిలేసరికి నీళ్లు మూత అంచుకు తగిలాయి. ఆమె చెయ్యి ఆగింది.

"వేడికి పొంగి కారుతుంది మేస్త్రీ."

"కారనీ. ఎక్కువైంది పోవడానికే మూత కింద ఆ సన్న గొట్టం పెట్టినారు. దానికి కావల్సింది అది ఉంచుకుంటుంది."

ఆమె సీసా పూర్తిగా వంచేసింది. అంచు దాటిన నీళ్లు కొత్త రంగు మీదుగా జారాయి. తుడవలేదు.

బండి స్టార్టయింది. ఆమె రేడియేటరు మీద చెయ్యి ఆనించి నిలబడింది. మొదట పైన వెచ్చబడింది. తరువాత నడుమ. కాసేపటికి అడుగున కూడా. గాజు గొట్టంలో ఎర్ర గీత మెల్లగా పైకి లేచి డెబ్బై దగ్గర నిలిచింది. ఇందాక నలభైని చూసి తాను ధైర్యంగా ఉన్నానని ఆమెకు గుర్తొచ్చింది.

"నిన్న నేనడిగింది..." అని మొదలుపెట్టి, పూర్తి చేయకుండానే స్టీరింగు ముందు కూర్చుంది. టైము తొమ్మిదిన్నర. లెక్క ప్రకారం రెండు నిమిషాలు మిగులుతాయి.

మేస్త్రి ఎక్కలేదు. ఖాళీ సీసా ఆమె పక్క సీట్లో పెట్టి, బయటి నుంచి తలుపు మూశాడు.

"మీరు రారా?" అంది నీరజ, కంగారుగా.

మేస్త్రి అప్పటికే రాతి గోడ వైపు తిరిగాడు.

"నిండింది కదా పాపా. ఇంక నా బరువు దానికెందుకు?"