వాలులో గవర్నరు

అచ్చియ్య మేస్త్రీని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. "పద, బండెక్కు" అనేవారు. ఆ బండి ఎక్కి దిగేసరికి జవాబు దొరికినట్టే ఉండేది. అదేమిటో చెప్పమంటే మాత్రం మాకు నోరు పెగిలేది కాదు. అనకాపల్లిలో బళ్ల డీజిల్ పంపులు బాగుచేసే ఆయన షెడ్డులో నేనూ, మేం గౌరీసు అని పిలిచే గౌరీశ్వరరావూ పదకొండేళ్లు పని నేర్చుకున్నాం. నేర్చుకోవడం అవకముందే ఇద్దరికీ నలభై దగ్గర పడింది, అది వేరే సంగతి. ఆ షెడ్డు ఇప్పుడు లేదు. మేస్త్రీ కూడా లేరు. అటువైపు వెళ్లినప్పుడల్లా ఆ డీజిల్ వాసన కోసం ముక్కు వెతుక్కుంటుంది. ఆయన మీద బెంగ ఇన్నేళ్లయినా తగ్గలేదని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఒక ఉదయం గౌరీసు ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు. బాగుచేసిన బండిని అప్పగించే సాయంత్రం డ్రైవర్లు మెకానిక్కుకి మందు పోయించడం మా దగ్గర ఆనవాయితీ. నేను రెండు గుక్కలు తాగి జారుకునేవాణ్ణి. గౌరీసు చివరిదాకా ఉండేవాడు. తరువాత ఇంట్లో గిన్నెలు ఎగిరేవి. మూడు నెలల కిందట భార్య నూకరత్నం పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమెను తీసుకొచ్చుకోవాలని వీడికి ఒకటే తాపత్రయం.

"గురువుగారూ, నిన్న అమ్మోరి దగ్గర ఒట్టేసినాను. ఇంక సుక్క ముట్టను. ఈ ఒట్టు సాలదా, ఆవిడ రాడానికి?" అన్నాడు.

మేస్త్రీ చేతిలో స్పానరు కింద పెట్టారు. "నిన్న ఆ టాక్సీకి గవర్నరు బిగించినావు గదా. పద, నడిపి సూద్దాం. మీ అత్తోరూరు కూడా ఆ దారే" అన్నారు.

గవర్నరు అంటే తెలియని వాళ్లకి ఒక మాట. పాత డీజిల్ పంపుల వెనక డిబ్బీలో రెండు ఇనుప గుండ్లు ఉండేవి. ఇంజను జోరుగా తిరిగితే అవి విడివడి పక్కలకి జరిగేవి. ఆ జరుగుడుకి ఒక కడ్డీ వెనక్కి వచ్చి డీజిలు తగ్గేది, ఇంజను నెమ్మదించేది. మేస్త్రీ మూత తీసి ఆ గుండ్లని వేలితో తిప్పి చూపిస్తుంటే చూడటం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. కొత్త కార్లలో, ఆ టాక్సీలో కూడా, కంటికి ఆనేది ఏమీ లేదు. లోపల ఒక కంప్యూటరు కూర్చుని, ఇంజను చుట్లు ఎర్ర గీత దాటబోతే ఇంధనం కోసేస్తుంది. టాక్సీలకి అప్పట్లో కొత్తగా బిగిస్తున్న, మేం గవర్నరనే పిలిచే డబ్బా మాత్రం చక్రాల వేగం చూసుకుంటుంది. ఎనభై చేరిందా, ఇక ఎంత తొక్కినా ఇంజనుకి తిండి పెట్టదు. పాతదైనా కొత్తదైనా వీటికి తెలిసిన విద్య ఒక్కటే, తిండి తగ్గించడం.

నేను ముందు, మేస్త్రీ వెనక కూర్చున్నాం. చదును రోడ్డు మీద గౌరీసు ఎక్సిలేటరు నేలకి అంటేలా తొక్కాడు. వేగం ముల్లు ఎనభై దగ్గరికి వచ్చి నిలబడిపోయింది. కాలు అలాగే నొక్కి ఉంచి వెనక్కి తిరిగి చూశాడు. మొహం చాటంత అయింది.

"సూసినారా గురువుగారూ! కాలు నేను తియ్యనేదు. అదే ఆపీసింది. నా ఒట్టూ ఇలాటిదే."

మేస్త్రీ కిటికీలోంచి జీడితోటలు చూస్తూ "ఊఁ" అన్నారు. ముందర చూసి నడపమని నేను గౌరీసు భుజం మీద ఒకటి వేశాను.

ఏనుగుమెట్ట ఎక్కాం. అవతల వైపు రెండు కిలోమీటర్లు తిన్నగా దిగుడు. మా డ్రైవర్లకి ఒక పాడు అలవాటు ఉండేది. వాలు కనబడితే చాలు, గేరు తీసేసి, న్యూట్రల్ చేసి బండిని జారవిడిచేవాళ్లు. ఇంజను ఊరికే గురక పెడుతూ ఉంటే బండి దానంతట అదే పోయేది, డీజిలు మిగిలిందని సంబరపడేవాళ్లు. గౌరీసు చెయ్యి కూడా అలవాటుగా వెళ్లి న్యూట్రల్ చేసేసింది. డెబ్భై, ఎనభై. "ఇప్పుడాపుతాది సూడు" అన్నాడు నాతో. ఎనభై ఎనిమిది. వాడి కళ్లు రోడ్డు మీద లేవు, ముల్లు మీద ఉన్నాయి. తొంభై ఐదు దాటింది. అడుగున కల్వర్టు మీద చెరకు బండి ఒకటి అడ్డంగా మలుపు తిరుగుతోంది.

"బ్రేకు!" అని నేను ప్రాణం పోయేలా అరిచాను.

అప్పుడు కదిలింది వాడి కాలు. టైర్లు కాలిన వాసనతో, ఎడ్లకి బారెడు దూరంలో ఆగాం. బండివాడు మా ముగ్గురి వంశాలనూ వరసగా తిట్టి, ఎడ్లను తోలుకుని పోయాడు. అతన్ని తప్పుపట్టడానికి ఏముంది?

గౌరీసు దిగి బోనెట్ ఎత్తాడు. భయమంతా డబ్బా మీద కోపమైపోయింది. "దొంగముండది! పాడైపోనాది గురువుగారూ. ఆపనేదు. పీకీసి ఇంకోటి యేసేస్తాను."

"ముట్టుకోకు. అది బాగానే పని సేసింది" అన్నారు మేస్త్రీ.

"ఏటి సేసింది? వంద దగ్గరికి పోనాం గదా!"

"ఇంజనుకి ఒక్క సుక్క ఎక్కువ పొయ్యనేదు. దాని పని అదే. బండిని ఇంజను తోస్తే గదా అది ఆపడానికి?"

"మరెవులు తోసినారు?"

మేస్త్రీ వెనక ఉన్న మెట్టకేసి చెయ్యి చూపించారు. ఆ తరువాత "మళ్లీ పైకి తియ్యి. ఈసారి గేర్లో దిగు" అన్నారు.

రెండోసారి వాడికి కంగారు ఎక్కువైంది. బండి జోరందుకున్నాక మూడో గేరులో వెయ్యాల్సింది రెండులో పడేశాడు. ఇంజను కెవ్వుమంది, చుట్ల ముల్లు ఎర్ర గీత దాటింది. చుట్లకి కంప్యూటరు కాపలా ఉండాలి కదా అని నేను అడగబోయేలోగా మేస్త్రీయే, "అదీ తిండి మానిపించీసింది. సక్రాలే ఇంజన్ని తిప్పీస్తా ఉంటే అదేటి సేస్తాది? మూడులో యెయ్యి, కాలు బ్రేకు మీద ఉంచు" అన్నారు. మూడులో పడగానే ఇంజను బండిని వెనక్కి పట్టింది. గౌరీసు కాలు బ్రేకు మీద తేలిగ్గా ఆడుతూనే ఉంది. అక్కణ్ణించి నలభై దాటకుండా దిగాం. కిందికి వచ్చాక వాడు అద్దంలో మెట్టకేసి ఒకసారి చూసుకున్నాడు.

నూకరత్నం పుట్టింటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. మేస్త్రీని చూసి లేచి కుర్చీ వేసింది. మొగుణ్ణి చూడలేదు. గౌరీసు నిలబడే మాట్లాడాడు. ఒట్టు సంగతి అంత ఘనంగా చెప్పుకుందామని వచ్చినవాడు దాన్ని ఎత్తనే లేదు.

"ఇకనుంచి బళ్లు నేను అప్పగించను, రత్నం. ఇతనే అప్పగిస్తాడు," అని నన్ను చూపించాడు. నన్నెప్పుడు అడిగాడని! అయినా తల ఊపాను. "అయిదయ్యేసరికి నేను షెడ్డులో ఉండను. పిలుస్తారు, నాకు తెలుసు. పిలిస్తే కాళ్లు లాగుతాయి. అందుకే, ఆ ఏళకి నువ్వు షెడ్డుకి రా. ఇద్దరం కలిసి ఇంటికెల్దాం. సిగ్గుపడను."

ఆమె మిగిలిన పిక్కలు కూడా తీసి చింతపండు ముద్ద కట్టింది. చివరికి లోపలికి వెళ్లి సంచితో వచ్చింది. వీధిలోకి వచ్చాక కారు తలుపు పట్టుకుని ఆగిపోయింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"మేస్త్రీ గారూ, ఈ మనిషి మారినాడని మీరు పూచీ ఉంటారా?"

గౌరీసు మేస్త్రీకేసి చూశాడు. తండ్రి లాంటి మనిషి, ఒక్క మాట అనకపోతారా అని నాకూ ఆశే. ఆయన వెనక తలుపు తీసుకుని కూర్చుని, ముందు సీటు ఆమెకి చూపించారు.

"ఇప్పుడు ఇంటికెళ్లే దారిలో ముందొచ్చేది ఎక్కుడే తల్లీ. ఎక్కుడులో అందరూ బాగానే నడుపుతారు. దిగుడొచ్చినప్పుడు ఈడి కాలెక్కడుందో నువ్వే సూడు."