గుండ్రటి కొలువులో మూలమట్టం

ఒకానొక రాజ్యంలో రాజుగారికి ప్రశ్నలు అడగడమంటే సరదా. జవాబులు చెప్పడం మాత్రం నలభై ఏళ్లుగా పేరిభట్టు పని. ఆ రాజ్యం ఎక్కడుందని నన్ను అడక్కండి. ప్రశ్నలతో వేగిన మనిషి కథ చెబుతున్నాను, నాకూ ఓపిక తక్కువే.

రాజు పేరు గజాంకుశ భూపతి. పళ్లు తోముకుంటూ ఒక ప్రశ్న, భోజనం మధ్యలో ఇంకొకటి. ఆకాశానికి వెనకవైపు ఏ రంగు? చేపకు కల వస్తే అందులో నీళ్లుంటాయా? పేరిభట్టు ఏదో ఒకటి చమత్కారంగా చెప్పేవాడు. సభ నవ్వేది, రాజు శాలువా కప్పేవాడు. శాలువాలతో రెండు పెట్టెలు నిండాయి, భట్టు మోకాళ్లు అరిగిపోయాయి.

ఇప్పుడాయనకు కావలసింది శాలువా కాదు, సెలవు. సొంతూళ్లో భార్య సుబ్బాంబ ఒక్కతే ఉంది. "ఎప్పుడొస్తారు?" అని కబురు పెట్టడం ఆవిడ మానేసి రెండేళ్లయింది. అడిగినన్నాళ్లూ బాధగా ఉండేది. అడగడం మానేశాక భట్టుకి అన్నమే సయించడం లేదు.

సెలవు ఊసెత్తితే రాజుది ఒకటే మాట. "ఈ ఒక్క చిక్కు విప్పు భట్టూ, తర్వాత చూద్దాం." విప్పాక, "ఇంత తెలివైనవాణ్ణి ఎలా వదులుకుంటాం!" అనేవాడు. అలా పదకొండుసార్లు అయింది.

అలా ఉండగా, ఎవరి ఆసనం సింహాసనానికి దగ్గర అని కొలువులో తగవు వచ్చింది. రాజు గుండ్రటి సభామంటపం కట్టించాడు. చుట్టూ అరుగు, అరుగు మీద ఆసనాలు, నట్టనడుమ సింహాసనం. అప్పుడందరూ సమానమైన దూరంలో ఉంటారు. ఆలోచన మంచిదే. మేస్త్రీ వీరోజు నడుమ మేకు పాతి, తాడు తిప్పి, చక్కటి వృత్తం గీసి కట్టాడు. ఆ మేకు పీకించి, గుర్తు కూడా మిగలకుండా నున్నటి నల్లరాయి పరిపించింది మాత్రం రాజుగారే. ఇక చేసేదేముంది, సింహాసనాన్ని కంటి అంచనాతో వేశారు. మొదటిరోజే సేనాపతి కొలకర్ర తెచ్చి, మంత్రి రెండు మూరలు దగ్గరగా కూర్చున్నాడని తేల్చాడు. మళ్లీ తగవు మొదలైంది.

సింహాసనం తీయించి, 'గణిత భయంకర' బిరుదున్న సోమయాజిని పిలిపించారు. వృత్తాల మీద అరవై శ్లోకాలు రాసిన పండితుడాయన.

"అంచు మీద మూడు బిందువులు కలిపితే త్రిభుజం. దాని భుజాలను సగం చేసి, అక్కడ లంబాలు నిలిపితే అవి కలిసే చోటే కేంద్రం," అన్నాడు.

మాట నిజమే. కాని పద్నాలుగు మంది శిష్యులు సుద్దముక్కలు పట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ, ఒకరి గీత మీద ఇంకొకరు వాదించుకుంటూ గీసేసరికి, గీతలు ఒకచోట కలవలేదు. నేల మాత్రం గీరుకుపోయింది. రాజు మండిపడి, మళ్లీ నునుపు పెట్టించి, ఆజ్ఞ జారీ చేశాడు. కేంద్రం తెలిసేదాకా ఆ నేల మీద ఎవరి కాలూ పడకూడదు.

అప్పుడు భట్టు వైపు తిరిగాడు.

"భట్టూ, కాలు పెట్టకుండా కేంద్రం కనుక్కో. ఎల్లుండి కొలువు. ఇదొక్కటి విప్పు, తర్వాత చూద్దాం."

"చిత్తం," అన్నాడు భట్టు, పన్నెండోసారి.

ఆయన తిన్నగా వీరోజు రాళ్లు చెక్కుకునే పాక దగ్గరికి వెళ్లాడు.

"కూకోండి బాబయ్యా, కాళ్లు లాగుతున్నట్టున్నాయి," అన్నాడు వీరోజు.

"కాళ్ల మాట సరే. గుండ్రటిదాని నడుమ తప్పిపోయింది. దొరుకుతుందా?"

"అదెంత పని! బావి మూత సెక్కేటప్పుడు మాకిదేగా." వీరోజు మూలమట్టం తీశాడు. గోడల మూల సరిగ్గా కుదిరిందో లేదో చూసుకునే పరికరం అది. రెండు కర్రలు ఒక మూల దగ్గర ఒకదానికొకటి లంబంగా కలిసి ఉంటాయి. "దీని మూలని అంచుకి ఆనించండి. రెండు కర్రలూ ఎటు సూపిత్తే అటు తాళ్లు లాగండి, అవతలి అంచుకి తగిలేదాకా. తగిలిన ఆ రెండు సోట్లనీ ఇంకో తాడుతో కలపండి. ఆ తాడు నడుమ మీంచే పోద్ది. ఇంకోసోట ఆనించి మళ్లీ అట్టాగే సెయ్యండి. కలిపిన తాళ్లు రెండూ ఎక్కడ దాటుకుంటే అదే నడుమ."

"అంచు మీద ఎక్కడ ఆనించాలి?"

"ఎక్కడైనా సరే బాబయ్యా. తప్పు సోటంటూ లేదు."

భట్టు ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారండీ?"

చిక్కు విడింది, కాని భట్టుకి సంతోషం లేదు. ఎల్లుండి తను ఇది చెబితే నవ్వులు, శాలువా, ఆపైన పదమూడో చిక్కు. రాళ్ల మధ్య కూర్చుని చాలాసేపు ఆలోచించాడు.

కొలువు రోజు వచ్చింది. అందరూ అరుగు మీద నిలబడ్డారు.

"నా వల్ల కాలేదు ప్రభూ," అన్నాడు భట్టు.

సభ విస్తుపోయింది. సోమయాజి ముఖం వెలిగింది.

"నీ వల్ల కాలేదా!"

"కాలేదు. అయితే ఏలినవారి చేతి మహిమ మీద నాకు నమ్మకం ఉంది. ఈ మూలమట్టాన్ని అంచున మీకు తోచిన చోట ఆనించండి చాలు."

"తప్పు చోట ఆనిస్తే?"

"మీరు ఆనించాక తప్పు చోటంటూ ఉండదు ప్రభూ."

ఈ మాట రాజుకి పరమానందం కలిగించింది. ఆయన మంత్రిని పక్కకు నెట్టి, మూలమట్టం ఆనించాడు. వీరోజు ఒక కన్ను మూసి కర్రల వెంట చూస్తూ, "కొంచెం ఎడంపక్కకి... ఆ, ఆగండి!" అంటుంటే, సేనాపతీ మంత్రీ అరుగు చుట్టూ తిరిగి తాళ్లు బిగించారు. చివరలు కలిపి మూడో తాడు లాగారు. నేలకు జానెడు ఎత్తున తాళ్ల త్రిభుజం నిలిచింది. రాజు ఇంకోచోట ఆనించాడు. రెండో త్రిభుజం వచ్చింది. పొడుగు తాళ్లు రెండూ ఒకచోట దాటుకున్నాయి. రాజుకి హుషారెక్కి, తాంబూలం ఉమ్మే తమ్మపడిగ పెట్టే చోటు చూసుకుని అక్కడ కూడా ఆనించాడు. మూడో పొడుగు తాడు కూడా సరిగ్గా అక్కడే దాటింది.

"ఉంది! నా నలభై ఒకటో శ్లోకంలో ఉంది!" అని సోమయాజి అరిచాడు. ఎవరూ వినిపించుకోలేదు.

రాజు తాళ్లు దాటుకుంటూ వెళ్లి ఆ చోట నిలబడ్డాడు. సేనాపతి అన్ని వైపులా కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"కనుక్కున్నాం!" అన్నాడు రాజు.

"ఎవరు ప్రభూ?" అన్నాడు భట్టు చేతులు కట్టుకుని.

"ఇంకెవరు? మేమే!"

"అయితే రాయించమంటారా?"

"రాయించు!"

భట్టే చెప్పి రాయించాడు. "గణిత భయంకరునకు గాని, పేరిభట్టునకు గాని అంతుచిక్కని కేంద్రమును గజాంకుశ భూపతి స్వహస్తముతో కనుగొనెను." రాజు మురిసిపోతూ ముద్ర వేశాడు.

భట్టు వంగి దండం పెట్టాడు. "ఇక సెలవిప్పించండి. చిక్కు విప్పలేనివాడికి కొలువులో తిండి దండగ."

"నువ్వు విప్పలేదని ఎవడన్నాడు?"

"ఏలినవారి ముద్ర అంటోంది."

రాజు పత్రాన్ని చూశాడు, తాళ్లను చూశాడు, తల వంచుకున్న వీరోజును చూశాడు. భట్టును ఆపాలంటే కేంద్రం కనుక్కున్నది తను కాదని ఒప్పుకోవాలి. అది ఆయన వల్ల అయ్యే పని కాదు. మీసాల కింద నవ్వు మొదలై, పొట్ట అదిరేదాకా పెరిగింది.

"మమ్మల్నే మూలమట్టంగా వాడుకున్నావు కదయ్యా!" అన్నాడు. నవ్వి నవ్వి, గొంతు తగ్గించి అడిగాడు. "నేనంటే అంత విసుగా భట్టూ?"

"విసుగు కాదు ప్రభూ. విసుగైతే ఇరవై ఏళ్ల కిందటే పారిపోయేవాణ్ణి. అలసిపోయాను. మా ఆవిడ ఎదురుచూడటం కూడా మానేసేలోగా ఇల్లు చేరాలనుంది."

రాజు భట్టు దంపతులకు బతికినన్నాళ్లూ ఏ లోటూ రాకుండా చూడమని మంత్రికి చెప్పి, తన పల్లకీనే తెప్పించాడు. తన చేతి కంకణం తీసి వీరోజుకి తొడిగాడు, ఎందుకో మాత్రం పైకి చెప్పలేదు.

బోయీలు పల్లకీ ఎత్తారు. అంతలో రాజు కొలువు మెట్లు దిగి గబగబా వచ్చాడు.

"భట్టూ, ఒక్కమాట! అంచు మీద ఎక్కడ ఆనించినా ఆ తాడు నడుమ మీంచే ఎందుకు పోతుంది?"

భట్టు తెర కొంచెం తొలగించాడు. "కనుక్కున్నవారు ఏలినవారు. నాకెలా తెలుస్తుంది ప్రభూ?"

రాజు పకపకా నవ్వాడు. భట్టు తెర దించి, బోయీలతో మెల్లగా అన్నాడు.

"నడవండి నాయనా, ఇంకోటి అడిగేలోగా."