తలుపు మూసుకున్న మద్దిచెట్టు

కొండవాగు పక్కన చింకోన అనే అడవి ఉంది. అందులో ఏనుగులు, దుప్పులు, ఉడుతలు, గుడ్లగూబలు, పెద్ద ముక్కు మీద కొమ్ము ఉండే కొమ్ముపిట్టలు కాపురాలు చేసుకుంటున్నాయి.

ఆ వేసవిలో ఎర్రన్న అనే కొమ్ముపిట్టకు ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. కొమ్ముపిట్టల ఆచారం అలాంటిది మరి! గుడ్లు పెట్టే వేళకు ఆడపిట్ట ముసలి చెట్టు తొర్రలో దూరి, ద్వారాన్ని మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. పిల్లలు పెద్దయ్యేదాకా మొగుడు పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందించాలి. ఎర్రన్న భార్య సీతాలు అలాగే పాత నల్లమద్ది పైతొర్రలో ఉంది. ఆమె రెక్కల ఈకలు రాలిపోయాయి. ఇప్పుడు ఎగరమన్నా ఎగరలేదు.

ఒక ఉదయం ఎర్రన్న మేడిపళ్ళతో వచ్చేసరికి బలభద్రుడనే కుర్ర ఏనుగు నుదురు ఆనించి ఆ చెట్టును తోస్తున్నాడు. వేళ్ళు కిర్రుమన్నాయి. ఎర్రన్న గబగబా ఏనుగు ముందు వాలి అరిచాడు.

"ఆగండి దొరా! లోపల మా ఆవిడా పిల్లలూ ఉన్నారు."

"కళ్ళు కనిపించడం లేదా పిట్టా? తొర్ర మూసేసి ఉంది. ఎవరూ లేని కొంప అది. ఈ ఎండుమానును పడగొడితే ఇక్కడ నాకు పచ్చగడ్డి మొలుస్తుంది."

"ఆ మట్టి పెట్టుకున్నదే మా సీతాలు!"

"అయితే ఇంకో చెట్టు చూసుకోండి. అడవిలో చెట్లకు కరువా?"

"చెట్లకు కాదు దొరా, తొర్రలకు కరువు. పోయినేడు మీరు వాగు గట్టున పాత చెట్టు కూల్చారు. అక్కడి గుడ్లగూబలకు ఇవాళ్టికీ ఇల్లు దొరకలేదు. లేతచెట్టుకు ఇంత తొర్ర పడాలంటే మా మనవలు కూడా ముసలివాళ్ళయిపోవాలి."

బలభద్రుడు పకపకా నవ్వాడు. పొగరుబోతుకు మంచి మాట చెవికెక్కుతుందా?

ఎర్రన్న బతిమాలడం మానేశాడు. ఆ చెట్టులో ఎవరెవరుంటారో అతనికి బాగా తెలుసు.

"సరే, తోయండి. కానీ ఈ ఇంట్లో మేమొక్కరమే లేము. కింది వాటాలో వాళ్ళు నాలాగా బతిమాలే రకం కాదు. వాళ్ళకూ ఓ మాట చెప్పండి."

"నేను ఒకరికి చెప్పేదేమిటి!" అంటూ బలభద్రుడు కింది తొర్రలో తొండం దూర్చి గట్టిగా కెలికాడు.

అందులో తేనెటీగల పట్టు ఉంది. ఈగలు జుమ్మని లేచి తొండాన్నీ చెవులనీ చుట్టేశాయి. బలభద్రుడు ఘీంకరిస్తూ వాగుకేసి పరుగు లంకించుకున్నాడు. మట్టి తలుపు వెనక సీతాలును మాత్రం ఒక్క ఈగా తాకలేదు. వాచిన తొండంతో గడ్డిపోచ కూడా పీకలేక, బలభద్రుడు చాలా రోజులు ఆకలితో నకనకలాడాడు. మళ్ళీ ఏ ముసలి చెట్టు జోలికీ పోలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున సీతాలు మట్టి పగలగొట్టుకుని కొత్త రెక్కలతో బయటికి వచ్చింది. తొర్రలోంచి రెండు పిల్లలు తొంగిచూశాయి. ఆమె మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఎంత చిక్కిపోయావయ్యా!" అంది.

ఏనుగు ముందు కంటతడి పెట్టని ఎర్రన్న ఆ మాటకు భోరుమని ఏడ్చేశాడు.

నీతి: పాత చెట్టును కూల్చేవాడు ఎన్నో ప్రాణుల ఇల్లు కూలుస్తాడు, బలం ఉందని ఇతరుల గూటి జోలికి పోతే కీడు తప్పదు.