తోడుకు వచ్చిన గిన్నె

చాంద్‌బాషాకు ఆ పూట మనసు మనసులో లేదు.

మౌలాలిస్వామి తత్వాలు దూరాన ఉన్న శిష్యులకూ అందాలని అతను ఆన్‌లైన్‌లో ఒక బడి కట్టాడు. పునాది అతనిది కాదు. ఊరూ పేరూ తెలియనివాళ్లెవరో రాసి, వాడుకోండి, మార్చుకోండి అని లోకానికి వదిలేసిన సాఫ్ట్‌వేర్ అది. దానికి అతను ఒక్క భాగం జోడించాడు. సిగ్నల్ ఉన్నచోట పాఠం దించుకుంటే చాలు, ఆ తర్వాత ఏ గుట్ట మీదైనా వినొచ్చు. సాయంత్రాలు గొర్రెల మంద మధ్య నుంచి, కాపరి ఫోన్‌లోని స్వామి గొంతు సన్నగా తేలి వస్తుంటే, ఏరే పాడుతున్నట్టు ఉండేది. చాంద్‌బాషా ఒళ్లు మరిచి వినేవాడు.

ఇప్పుడు ఏటి అవతలి గట్టు బడి పంతులమ్మ ఆ భాగం తమకూ ఇమ్మంది. కాపరుల పిల్లలు మందల వెంట కొండెక్కబోతున్నారు. అది లేకపోతే వానాకాలమంతా వాళ్లకు చదువు లేదు.

"రెండేండ్లు నిద్ర మానుకోని రాసినా స్వామీ. అడగంగానే ఎట్ల ఇచ్చేది? తాళమేసి పెట్టినా" అన్నాడు చాంద్‌బాషా.

స్వామి ఊ కొట్టి పెరుగుకుండ అందుకున్నాడు. బయట తుంపర. ఏరూ గట్టూ ఆకాశమూ ఒకటే తెలుపులో కరిగిపోయి ఉన్నాయి. అందులోంచి పొరుగింటి మస్తానమ్మ గిన్నెతో వచ్చి వాకిట్లో నిలబడింది.

"రోంత తోడు ఇయ్యి సామీ. మా పెరుగు పిల్లి తాగిపాయ. పాలు కాచి పెట్టినా."

"ఇయ్యలేనమ్మా" అన్నాడు స్వామి మెత్తగా. "దినమూ తోడేసుకుంటా నేను కాపాడుకొస్తాండే పెరుగు ఇది."

మస్తానమ్మ తెల్లబోయింది. చాంద్‌బాషాకు తల కొట్టేసినట్టయింది.

"అదేం మాట స్వామీ? మన కుండ పగిలిననాడు తోడిచ్చింది ఈయమ్మే గదా. ఆమె మాత్రం యాడ పుట్టించింది? ఎవరింట్లోనో అడుక్కున్నదే. తోడుకొచ్చినోళ్లను ఉత్త గిన్నెతో పంపిస్తారా యాడన్నా?"

స్వామి కుండ అతని ముందుకు జరిపాడు.

"అట్లయితే నువ్వే ఇయ్యి నాయనా."

చాంద్‌బాషా గరిటె అందుకుని, కుండలో ముంచబోయి ఆగాడు.

"ఒక్క గరిటె చాలు నాయనా" అంది మస్తానమ్మ. అతను రెండు వేశాడు. ఆమె అటు వెళ్లగానే చెయ్యి కడుక్కుని కంప్యూటర్ దగ్గరికి లేచాడు.

"అన్నం తిని పోరాదా" అన్నాడు స్వామి.

"పిల్లోళ్లు కొండెక్కేస్తారు స్వామీ."