అరమీసం సాక్ష్యం

రణమల్లదేవ మహారాజుకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆ రోజు మాత్రం మీసం మీదికి దిగింది.

"విరూపన్నా! నాది పెట్టుడు మీసమని ఊరంతా చెప్పుకుంటున్నారట, నిజమేనా?"

ఆస్థాన విదూషకుడు విరూపన్నకు పొలమారింది. నిజమే మరి. ఆ పుకారు పుట్టించింది సాక్షాత్తూ తనే.

"అంతవరకే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ మీసం నాకు అంటించింది గాజులవీధి వాళ్ళట! నేను వాళ్ళ చేతిలో కీలుబొమ్మనట! శుక్రవారం పొద్దుగూకగానే ఆ వీధికి నిప్పు పెడతారట! భటుల్ని పంపితే, చూశారా రాజు వాళ్ళవాడే అంటారు. కత్తి దూయకుండా నువ్వు దీన్ని ఆపాలి. ఆపలేకపోయావో, నీ మీసం గొరిగించి గాడిద మీద ఊరేగిస్తాను."

"చిత్తం ప్రభూ. కానీ ఆ గాడిద ఏం పాపం చేసింది?" అన్నాడు విరూపన్న.

బజారులో క్షురకుడు పోలయ్య అరుగు ఉంది. దాని మీద గడ్డం గీయించుకునేవాళ్ళు తక్కువ, వంతు కోసమని కూర్చుని అనుమానాలు పంచుకునేవాళ్ళు ఎక్కువ. కుమ్మరి కొండప్ప లెక్క ప్రకారం చంద్రుడు కోట బురుజుకు కట్టిన ఇత్తడి పళ్ళెం. తోమితే పున్నమి, మరిచిపోతే అమావాస్య. నూనెల సింగన్న లెక్క ప్రకారం పట్టపుటేనుగు లోపల ఇద్దరు మనుషులున్నారు. వీళ్ళకు తాను తీసిపోతానా అని విరూపన్న ఒకనాడు రాజుగారి మీసం సంగతి వదిలాడు. అరుగంతా శభాష్ అంది. సభలో అతని చమత్కారాలకు ఏనాడూ అంత మెప్పు రాలేదు, పాపం.

అప్పటిదాకా ఎవరికీ చీమ కుట్టినంత హాని లేదు.

ఆ తర్వాత కాళప్ప వచ్చాడు. ఏ ఊరో చెప్పలేదు. అందరికీ తాంబూలం చుట్టి ఇచ్చాడు. ఎవరు ఏమన్నా "మీ బుర్రే బుర్ర!" అన్నాడు. కొన్నాళ్ళకు ఒక ప్రశ్న కలిపాడు: "మరి దీని వెనక ఎవరున్నారంటారు?" ఇంకొన్నాళ్ళకు జవాబు కూడా తనే చెప్పాడు. పళ్ళెం కట్టిందెవరు? గాజులవాళ్ళు. ఏనుగులో దూరిందెవరు? ఏరు దాటొచ్చి రెండు తరాలుగా గాజులమ్ముకుంటున్న ఆ వీధివాళ్ళే. చివరికి "కాగడాలు పట్టుకురండి" అన్నాడు. అప్పటికి అరుగు మీద వద్దనే నోరు ఒక్కటీ మిగల్లేదు.

విరూపన్న కూతురి సీమంతానికి చేతుల నిండా గాజులు తొడిగి దీవించిన ముసలి చిట్టెమ్మదీ ఆ వీధే. ఆమె పేరు కాళప్ప నోట వచ్చిన రోజున, ఊరందరికీ తెలివి పంచే విరూపన్న తాంబూలం నములుతూ తలాడించాడు. ఇప్పుడది గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం పొద్దున్నే అరుగు నిండింది. కాగడాలు గోడకు ఆనించి ఉన్నాయి. ఒక మూల ఎవరో బొద్దు మనిషి తల మీంచి మొహం దాకా తడిగుడ్డ కప్పుకుని వంతు కోసం కూర్చున్నాడు.

విరూపన్న మూతికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని వచ్చి, తీశాడు. ఎడమవైపు మీసం దివ్యంగా ఉంది. కుడివైపు గుమ్మడికాయలా నున్నగా ఉంది.

"అన్నలారా, ఇది ఎవరి పనంటారు?"

కాళప్ప దిగ్గున లేచాడు. "ఇంకెవరి పని? గాజులవాళ్ళది! నేను కళ్ళారా చూశాను. తెల్లారుతుండగా ఆ చిట్టెమ్మ మీ గోడ దూకి పారిపోయింది!"

"గోడ దూకిందా? గడప దాటాలన్నా మోకాళ్ళు పట్టుకుంటుందే!"

"అదంతా నటన! ఒక చేతిలో కత్తి, రెండో చేతిలో నీ మీసం. ఇవాళ మీసం, రేపు మన పీకలు! ఇంకా పొద్దుగూకేదాకా ఎందుకు? ఇప్పుడే పోదాం పదండి!"

సింగన్న కాగడా అందుకున్నాడు.

"పోదాం గానీ, పోలయ్యా, నువ్వొక మాట చెప్పు" అన్నాడు విరూపన్న.

పోలయ్య కత్తుల పొది విప్పి, ఆకులో చుట్టిన అరమీసం బయటికి తీశాడు. "పొద్దున గొరిగింది నేనే కదయ్యా. సగమేంటయ్యా, మొత్తం తీసేస్తానంటే, వద్దు, మిగతా సగం రాజుగారికి బాకీ అన్నారు."

కాళప్ప తడుముకోలేదు. "చూశారా! గాజులవాళ్ళు పోలయ్యను కొనేశారు!"

అరుగు మీద గుసగుసలు మొదలయ్యాయి. సింగన్న కాగడా దించలేదు. నిన్నటిదాకా విరూపన్నా ఇలాగే ఊగాడు మరి.

"అయితే నన్నూ కొనేసి ఉంటారంటావా?"

"సందేహమా? నిన్నూ కొనేశారు!"

"అంటే నా మీసం నేనే గొరిగించుకున్నానంటావు?"

"ముమ్మాటికీ!"

"మరి చిట్టెమ్మ గోడ దూకి ఎవరి మీసం పట్టుకుపోయింది నాయనా?"

ముందు కొండప్ప కిసుక్కుమన్నాడు. తర్వాత అరుగంతా ఘొల్లుమంది. సింగన్న కాగడాను వీపు వెనక దాచుకున్నాడు.

"మనం చంద్రుణ్ణి అనుమానించాం, ఏనుగును అనుమానించాం, ఏలిన వారి మీసాన్నీ వదల్లేదు. తాంబూలం చుట్టి ఇచ్చాడని ఇతణ్ణొక్కణ్ణే నమ్మాం. మనంతటి తెలివైనవాళ్ళు ఈ భూమ్మీద ఉంటారా!" అన్నాడు విరూపన్న.

కాళప్ప మెల్లగా అరుగు దిగబోయాడు. తడిగుడ్డ మనిషి అతని చెయ్యి పట్టుకుని, గుడ్డ తీశాడు. సాక్షాత్తూ మహారాజు!

"ఊళ్ళు తగలబెట్టించి, ఆ గందరగోళంలో దోచుకునే ముఠావాడివా నువ్వు? నీ సంగతి చెరసాలలో మాట్లాడుకుందాం" అని అతణ్ణి సందులో దాగి ఉన్న భటులకు అప్పగించి, మహారాజు ఇటు తిరిగాడు. "ఇక నా మీసం సంగతి. మొదలుపెట్టిందెవరు?"

అరుగంతా ఒక్కసారిగా విరూపన్న వైపు చూసింది. స్నేహమంటే అదీ!

"గాడిదను తెప్పించమంటారా ప్రభూ?"

"ముందు నా మీసం లాగి చూడు!"

విరూపన్న లాగాడు. మహారాజు పెట్టిన కేకకు బజారు కుక్కలన్నీ మొరిగాయి. మహారాజు కళ్ళు తుడుచుకుని పకపకా నవ్వుతూ తన జరీ శాలువా తీసి విరూపన్నకు కప్పాడు.

"మీసం పెరిగేదాకా మూతికి అడ్డం పెట్టుకో. ముందు వెళ్ళి చిట్టెమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టిరా."

విరూపన్న బయల్దేరాడు. కొండప్ప వెనకాలే వచ్చి, శాలువా అంచు వేళ్ళతో నలిపి చూస్తూ చెవిలో గుసగుసలాడాడు:

"ఈ జరీ అసలుదేనంటావా?"