శేషగిరి కొత్త ఖాతా

నేరేడువాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలిన ఏడాది జరిగిన సంగతి ఇది. మడుగు ఒకటే, తాగే నోళ్ళు వంద. జింక నీళ్ళలోకి తల వంచితే వెనకాల తోడేలు నిలబడేది. అడవిపంది దిగిందంటే మిగిలినవాళ్ళకి బురదే. రోజూ తగువులు చూసి చూసి, అడవికి పెద్ద అయిన ఏనుగు గజ్జెలమ్మ విసిగిపోయింది.

"ఎవరు ఎప్పుడు తాగాలో పేచీ లేకుండా తేల్చే ప్రోగ్రాం రాయండర్రా. మంచిది రాసినవాళ్ళే ఈ వేసవికి నీటిపెద్ద. మడుగు దగ్గర వాళ్ళ మాటే మాట" అని చెప్పింది.

ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచీ నక్క శేషగిరికి స్థిమితం లేదు. అడవిలో తెలివంటే తనదేనని పుట్టినప్పటి నుంచీ నమ్మినవాడు. తీరా చూస్తే అందరి నోటా ఎద్దు కర్రన్న పేరే. ఫారెస్టువాళ్ళు వదిలేసి పోయిన గుడిసెలో, సోలార్ పలక కింద, కర్రన్నకో కంప్యూటర్ ఉంది. కొమ్ము కొసతో ఒక్కో అక్షరం నొక్కుతూ, నెమరు వేసుకుంటూ కోడ్ రాస్తాడు. ఎద్దేమిటి, కోడ్ రాయడమేమిటి అని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ఊళ్ళో పశువుల దొడ్డిలో మేత వంతులు మూడేళ్ళుగా నడిపిస్తున్నది అతని ప్రోగ్రామే.

శేషగిరి కడుపు మండించిన సంగతి ఇంకోటుంది. కోడ్ దాచుకునే సైట్లో కర్రన్నకి ఒకటి కాదు, రెండు ఖాతాలు. దొడ్డి పనికొకటి, అడవి పనికొకటి. రాసింది లోపలికి పంపించే తాళంచెవి కూడా దేనిది దానిదే. రెండింట్లోనూ రోజూ పని జరిగిందని చూపించే పచ్చటి గళ్ళు బారులు తీరి ఉంటాయి. శేషగిరికి ఒక్క ఖాతా కూడా లేదు.

ఒకనాడు ఉండబట్టలేక గుడిసె గుమ్మంలో నిలబడి అడిగేశాడు. "ఒక్క ఎద్దుకి రెండు ఖాతాలెందుకు బావా?"

"దొడ్డి పని దొడ్డివాళ్ళది, అడవి పని అడవిది. రెండూ కలిపేస్తే రేపు దొడ్డివాళ్ళొచ్చి మడుగు కూడా మాదే అంటారు" అన్నాడు కర్రన్న తల ఎత్తకుండానే.

"రెండు చోట్లా మెప్పు నీకే కావాలి. అలా చెప్పు."

"మెప్పుదేముంది గానీ, నువ్వూ ఓ ఖాతా తెరుచుకో బావా. మధ్యాహ్నాలు నేను దొడ్డికి పోతాను. కంప్యూటర్ ఖాళీగానే ఉంటుంది, వాడుకో."

అంత తేలిగ్గా ఇచ్చేసరికి శేషగిరికి మంట రెట్టింపైంది. ఇవ్వనని ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది.

మర్నాడు మధ్యాహ్నం గుడిసెలో దూరాడు. ఖాతా తెరిచాడు. దానికో తాళంచెవి చేసుకున్నాడు. తోక బాగా కనబడే ఫోటో ఒకటి పెట్టుకున్నాడు. తర్వాత ఎవరూ రావడం లేదని చూసుకుని కర్రన్న 'అడవి' ఫోల్డర్ తెరిచి నీటివంతుల ప్రోగ్రాం చదివాడు. బాగుంది. చాలా బాగుంది. అదే తట్టుకోలేకపోయాడు.

"ఈ నెమరేసే మొహానికి ఇంత బుర్రా!"

అక్కడే, ఆ ఫోల్డర్లోనే, దానికో కాపీ తీసుకున్నాడు. ఒక్కసారే ఎక్కిస్తే అనుమానం వస్తుందని రోజుకి కొంత, అక్కడో పేరూ ఇక్కడో గుర్తూ మార్చి, తన ఖాతాకి పంపించడం మొదలుపెట్టాడు. పంపిన ప్రతిసారీ 'శేషగిరి ఖాతాకి చేరింది' అని తెర మీద పడేది. అది చదువుకుని మీసాలు దువ్వుకునేవాడు.

ఆరో రోజున ఒకచోట ఆగిపోయాడు. కర్రన్న ప్రోగ్రాంలో, ఆలస్యంగా వచ్చినవాళ్ళ వంతు పోయినట్టే. మళ్ళీ మర్నాటిదాకా దాహమే. కిందటేడు ఉచ్చులో కాలు ఇరుక్కున్నప్పుడు శేషగిరికి ఆ దాహం ఎలాంటిదో తెలిసొచ్చింది. కూర్చుని మూడు మధ్యాహ్నాలు ఆలోచించాడు, రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు. నడవలేనివాళ్ళు ఎప్పుడొచ్చినా నీళ్ళు దొరికేలా, మిగతావాళ్ళ వంతు చెడకుండా కుదిర్చాడు. ఆ మూడు రోజులూ కర్రన్న గుర్తే రాలేదు. ప్రాణం హాయిగా ఉంది.

పని పూర్తవగానే మళ్ళీ గుర్తొచ్చాడు. "ఇది నీకు తట్టిందట్రా ఎద్దూ!"

తీర్పు రోజు పొద్దున్నే కంప్యూటర్‌ని మడుగు గట్టుకి తెచ్చారు. అందరికంటే ముందు శేషగిరే అందుకున్నాడు.

"అమ్మా, ఈ కర్రన్న నా ప్రోగ్రాం కాపీ కొట్టాడు. రెండు ఖాతాలు పెట్టుకున్నప్పుడే నాకు అనుమానమొచ్చింది. ఉన్నది ఒక్క మొహమైతే రెండు ఖాతాలెందుకమ్మా?"

గజ్జెలమ్మకి ఏదైనా మొదటి నుంచి చివరిదాకా చదివితే గానీ తోచదు. శేషగిరి ఖాతా తెరిచి, తొండం కొసతో ఒక్కో వరుసా జరుపుకుంటూ పోయింది.

"ఖాతా నీదే శేషగిరీ. మరి లోపల ఏ రోజు పని చూసినా, చేసింది కర్రన్న అని పడిందేం?"

శేషగిరి గబుక్కున తెర మీదికి వంగి చూశాడు. కర్రన్నే నెమ్మదిగా చెప్పాడు.

"రెండు ఖాతాలవాణ్ణి కదమ్మా, నా పనులు కలిసిపోకుండా ఏర్పాటు చేసుకున్నాను. దొడ్డి ఫోల్డర్లో చేసినదానికి దొడ్డి పేరు, అడవి ఫోల్డర్లో చేసినదానికి నా పేరు పడాలని కంప్యూటర్‌కి చెప్పి ఉంచాను. తాళంచెవి ఏ ఖాతాకి పంపాలో చూస్తుందంతే. ఎవరు చేశారన్నది కంప్యూటర్ వేరే రాసుకుంటుంది. బావ తాళం మార్చాడు గానీ పేరు మార్చలేదు."

జంతువులన్నీ గొల్లున నవ్వాయి. గజ్జెలమ్మ నవ్వలేదు. ఒకచోట తొండం ఆపి మళ్ళీ చదివింది.

"నడవలేనివాళ్ళకి వంతు! మాకెవరికీ తోచలేదే! కర్రన్నా, అన్నిట్లోకీ ఇదే గొప్పది. ఈ ఒక్క ముక్కకే నిన్ను నీటిపెద్దని చెయ్యొచ్చు."

"అది నాది!" శేషగిరి గొంతు చించుకున్నాడు. "అమ్మా, అది మాత్రం నిజంగా నాదే!"

"అంటే మిగతాదంతా నీది కాదనేగా" అంది గజ్జెలమ్మ.

"నిజమే అమ్మా, అది నాకు తట్టలేదు. బావ రాసిందే" అన్నాడు కర్రన్న.

"చూశారా! తన సొత్తు దొంగిలించినవాణ్ణి కూడా వెనకేసుకొస్తున్నాడు. ఇలాంటివాడే మనకి పెద్దగా ఉండాలి" అని గజ్జెలమ్మ తేల్చేసింది. శేషగిరి వంతు అందరికన్నా చివరికి పోయింది.

ఆ సాయంత్రం శేషగిరి వరుస కొసన నిలబడి ఉంటే, ఒక ముసలి దుప్పి మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ ఆలస్యంగా వచ్చింది. వరుస తప్పుకుని దారిచ్చింది. దుప్పి కడుపునిండా తాగి, మూతి తుడుచుకుని, "ఈ ఆలోచన చేసిన కర్రన్న చల్లగా ఉండాలి నాయనా" అని శేషగిరి పక్కనుంచే వెళ్ళిపోయింది.

పక్కవాడి పనికి తన పేరు తగిలించుకోబోయినవాడికి, తను చేసిన పనికి కూడా పేరు దక్కదు.