కరగనివ్వని మైనం

అనగనగా, కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, కంచు విగ్రహాలు పోతపోసే ఊరొకటి ఉండేది. అక్కడ భద్రాచారి అనే స్థపతి ఉండేవాడు. పగలు కొలిమి పని, సాయంత్రం వేదాంతం. ఆయనకు రెండూ ఒకటే.

ఆయనకు ఇద్దరు శిష్యులు. పెద్దవాడు విరూపాచారికి శాస్త్రాలన్నీ నాలుక చివరే ఉండేవి. చిన్నవాడు కాళప్ప నాలుగు శ్లోకాలు చెప్పమంటే మూడోదానికే తడబడేవాడు.

విగ్రహానికి కళ్ళు చెక్కి తెరిపించే బంగారు ఉలి ఒకటి గురువు దగ్గరుంది. అది ఎవరి చేతికొస్తే వాడే తర్వాతి స్థపతి. విరూపాచారి ప్రాణమంతా ఆ ఉలి మీదే!

ఒక సాయంత్రం గురువు అన్నాడు: "నాయనలారా! పేరూ రూపూ కరిగిపోయినా, ఉన్నది ఉండనే ఉంటుంది. అదే మీరు."

"అంతా కరిగాక ఇంకేముంటుంది గురువుగారూ? ప్రమాణం చూపండి," అన్నాడు విరూపాచారి.

"నాకు అర్థం కాలేదు గురువుగారూ," అన్నాడు కాళప్ప. "కానీ మీరన్నారు కదా. నాకు తెలిసేదాకా ఆ మాట పట్టుకునే ఉంటాను."

గురువు వాడి తల నిమిరాడు. అంతే! విరూపాచారి కడుపు భగ్గుమంది. 'అర్థం కాలేదన్నవాడికి ముద్దులా? ఇన్నేళ్ళు చదివాను, నా తల మీద ఒక్కనాడూ ఆ చెయ్యి పడలేదే!'

కొలిమి గదిలో నిప్పు పని స్థపతి తలుపేసుకుని ఒక్కడే చెయ్యాలి. అది అక్కడి ఆచారం. శిష్యులు మైనం దగ్గరే ఆగిపోయేవారు. మర్నాడు గురువు ఆ తలుపు ఇద్దరికీ తెరిచాడు.

"తేనెమైనంతో అమ్మవారిని చెయ్యండి. పైన మట్టి పూయండి. నిప్పు మీద పెట్టి, మైనం చివరి చుక్కదాకా కరిగించేయండి. ఆ ఖాళీలో కంచు పోయండి. ఉలి ఎవరిదో అప్పుడు తేలుతుంది."

మొదటి రోజు మైనపు బొమ్మలు తయారయ్యాయి. విరూపాచారి చేసిన అమ్మవారి ముఖం చూడ్డానికి ఊరంతా వచ్చింది. అయినా వాడి చూపు కాళప్ప మీదే. గురువు వాడి పక్కన కూర్చున్నాడట!

రెండో రోజు బొమ్మల పైన మట్టి పూసి మూసలు కట్టారు. కాళప్ప ఇచ్చిన మజ్జిగ గురువు తాగాడు. దానికీ ఏడ్చాడు విరూపాచారి మహానుభావుడు.

మూడో రోజు నిప్పు. కాళప్ప మూసలోంచి మైనం ధారగా కారిపోయింది. విరూపాచారి లోలోపల పొంగిపోయాడు. "ఒరే, అంతా పోయిందిరా! నీ మూసలో గాలి తప్ప ఏముంది?"

"భయంగానే ఉందన్నా," అన్నాడు కాళప్ప. మంట మాత్రం తగ్గించలేదు.

విరూపాచారి తన మూస వైపు తిరిగాడు. 'ఊరు మెచ్చిన ముఖం! అదీ కరిగిపోతే ఈ మొద్దుకన్నా నాకు ఎక్కువేముంది?' ముఖం దగ్గర మైనం మిగిలి ఉండగానే మూసను నిప్పులోంచి లాగేశాడు.

కంచు పోశారు. కాళప్ప మూస చప్పుడు లేకుండా తాగేసింది. విరూపాచారి మూస బుస్సుమని కంచును పైకి చిమ్మింది. చల్లారాక మట్టి పగలగొట్టారు. కాళప్ప అమ్మవారు ఒక్క గీత చెరగకుండా నిలబడి ఉంది. విరూపాచారి అమ్మవారికి మెడపైన వట్టి ముద్ద.

"వాడికీ ఏమీ తెలీదు గురువుగారూ! ఊరికే నమ్మాడు!" అని అరిచాడు విరూపాచారి.

"నమ్మాడు, నిప్పు దగ్గర చివరిదాకా నిలబడ్డాడు. అంతా కరిగినా ఉన్నది ఉండనే ఉంటుందని ఇప్పుడు తెలుసుకున్నాడు," అన్నాడు గురువు. "నువ్వు నీ ముఖాన్ని కాపాడుకోబోయి అమ్మవారి ముఖం పోగొట్టావు నాయనా."

బంగారు ఉలి కాళప్ప చేతిలో పెట్టాడు. కాళప్ప కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అన్నా, నువ్వు చేసిన ముఖం నా జన్మలో నాకు రాదు. అది పోయిందే!"

విరూపాచారి తలెత్తలేకపోయాడు. 'ఇన్నాళ్ళూ నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది వీడి మీదా!' అని వెక్కి వెక్కి ఏడ్చాడు. గురువు వాడి తల మీద చెయ్యి వేసి, ఇంకో మైనపు ముద్ద చేతికిచ్చాడు.

కనుక పిల్లలూ, గురువు మాటను శ్రద్ధతో పట్టుకుని చివరిదాకా నడిచినవాడికే తత్త్వం తెలుస్తుంది. పక్కవాణ్ణి చూసి కుళ్ళుకునేవాడికి ఎంత చదివినా అది అందదు.